శుక్రవారమే గడప దాటిన బూట్లు

మా పాపకి రేపు పొద్దున తొమ్మిదింటికి మొదటి ఫుట్‌బాల్ క్లాసు. కోచ్ పంపిన మెసేజ్‌లో కావలసినవన్నీ వరసగా రాసి ఉన్నాయి. బూట్లు, ముంగాళ్ళకి కట్టే షిన్ ప్యాడ్లు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, నీళ్ళ సీసా. అన్నీ సోఫా మీద పరిచి ఒక్కొక్కటే చూసుకుంటున్నాను. షిన్ ప్యాడ్ల ప్యాకెట్టు చింపగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన తగలగానే నా చూపు దానంతటదే గోడ మీది తెలుగు క్యాలెండరు మీదకి పోయింది. శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర.

నాకు రాహుకాలాల మీద నమ్మకం లేదు. అయినా ఉన్నట్టుండి ఫక్కున నవ్వొచ్చింది. "వాట్స్ ఫన్నీ, అమ్మా?" అంది పాప. చెప్తాలే అన్నాను గానీ ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

నాకప్పుడు ఏడేళ్ళు. తెనాలి నుంచి ఈ దేశంలోని గిరావీన్ అనే పేటకి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఇవాళ గిరావీన్‌లో ఏ పెరట్లో చూసినా కరివేపాకు చెట్టు ఉంటుంది, సాయంత్రం వీధిలో నడిస్తే మూడిళ్ళకొక పోపు వాసన. అప్పుడు మా వీధి మొత్తానికి పోపు వాసన మా ఒక్క ఇంటిదే. ఇంగువ వేసే ముందు అమ్మ కిటికీలన్నీ మూసేది. పలచటి సిమెంటు రేకుల గోడలతో చిన్న చిన్న ఇళ్ళు, ముందు గడ్డి, ఇంటికీ ఇంటికీ మధ్య నడుమెత్తు తీగ కంచె. ఇప్పుడవి దాదాపు లేవు. పడగొట్టి రెండంతస్తుల జంట ఇళ్ళు కట్టేశారు.

బళ్ళో నేను రెండు టర్ములు నోరు విప్పలేదు. ఇంగ్లీషు అర్థమయ్యేది, కానీ నోట్లోంచి బయటికి రానని మొరాయించేది. టీచరు నాన్నని పిలిపించి, అమ్మాయికి చెవులు బాగానే వినపడతాయా అని అడిగింది. ఇంట్లో దీని నోరు మూయించలేక చస్తున్నామని నాన్న ఆవిడకి ఎలా చెబుతాడు? తల ఊపి వచ్చేశాడు.

ఒకరోజు రీసెస్‌లో నేను గోడవారన కూచుని ఉంటే, బంతి ఒకటి దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది. లేచి తన్నాను. అది తిన్నగా వెళ్ళి, ముఖం నిండా గోధుమరంగు చుక్కలున్న ఒక పిల్ల కాళ్ళ దగ్గర ఆగింది. ఆ పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసి, రమ్మని చెయ్యి ఊపింది. ఆ ఇరవై నిమిషాలూ ఒక్క మాట మాట్లాడక్కర్లేకుండా అందరిలో ఒకదాన్నై పరిగెత్తాను. ఈ దేశం వచ్చాక అంత సుఖం నాకు దొరకలేదు.

కొన్నాళ్ళకి ఆ పిల్లే ఒక కాగితం తెచ్చిచ్చింది. రైలుకట్ట అవతలి గ్రౌండులో పిల్లలకి ఫుట్‌బాల్, శనివారం తొమ్మిది నుంచి పది. బూట్లు, షిన్ ప్యాడ్లు లేనిదే గ్రౌండులోకి రానివ్వరు. చోట్లు తక్కువ కాబట్టి మొదటి రోజు రానివాళ్ళ చోటు లిస్టులో తర్వాతి పిల్లలకి పోతుంది.

నాన్నకిది బొత్తిగా నచ్చలేదు. కంప్యూటర్ల ఉద్యోగం చేసుకునే మనిషి, శనివారం పొద్దున నాకు ఎక్కాలు చెప్పడం ఆయన పెట్టుకున్న నియమం. ఆడపిల్లకి ఆ బురదలో పనేమిటన్నాడు, కాళ్ళు విరిగితే చూసేదెవరన్నాడు. మూడు రోజులు అన్నం కెలికి కెలికి వదిలేసి సాధించాను. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు.

"సరే, ఒక్క శనివారం చూద్దాం. ఏడుస్తూ తిరిగొచ్చావా, ఇంక ఆ బంతి మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు."

నేను చీమ కుట్టినా ఏడ్చే రకాన్ని. ఆ సంగతి తెలిసే పెట్టాడు మహానుభావుడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మమ్మ తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చింది. అమ్మకి శనాదివారాలు ఆసుపత్రిలో డ్యూటీ పడేది, నన్ను చూసుకోవడానికి మనిషి కావాలి. ఆవిడ పెట్టె తెరిస్తే కర్పూరం, ఎండుమిరప, కొత్త చీరల గంజి కలగలిసిన వాసన. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు వడియాల మూట పైకెత్తి ఇదేమిటని అడిగితే, ఒకటి నోట్లో వేసుకుని కరకరా నమిలి చూపించి బయటపడిందట.

ఫుట్‌బాల్ సంగతి వినగానే ఆవిడ అక్షరాభ్యాసం అంత హడావుడి మొదలుపెట్టింది. పాత సామాన్ల షాపులో అమ్మ తెచ్చిన బూట్లు నాకు రెండు సైజులు పెద్దవి. అమ్మమ్మ వాటిని కడిగి, ఎండబెట్టి, కొబ్బరినూనె రాసి, వేళ్ళ దగ్గర దూది కుక్కింది. బొట్టు కూడా పెట్టేసేదే, చెప్పులకి పెట్టకూడదని ఆగింది. మధ్యాహ్నాలు హాల్లో నాకు ప్రాక్టీసు. పక్కింటావిడ ఇచ్చిన పెద్ద నిమ్మకాయ బంతి, రెండు పీటలు గోలు, గోల్‌కీపరు అమ్మమ్మ. ఒకనాడు నేను తన్నిన నిమ్మకాయ తిన్నగా వెళ్ళి మాగాయ జాడీని పడగొట్టింది. సాయంత్రం అమ్మ అడిగితే ఇద్దరం ఒక్క గొంతుతో పిల్లి అన్నాం. మా ఇంటి చుట్టుపక్కల పిల్లే లేదు. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నేల తుడుచుకుంది.

ఆ పక్కింటావిడ మాల్టా దేశపు ముసలమ్మ. భర్త పోయి ఒక్కతే ఉండేది, పెరట్లో టమాటాలు, చిక్కుడు, నిమ్మ. ఆవిడకి తెలుగు రాదు, అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా పొద్దున్నే కంచెకి అటొకరు ఇటొకరు నిలబడి గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు. అమ్మమ్మ ఆవిణ్ణి 'వదినగారూ' అని పిలిచేది, ఆవిడ పలికేది.

గురువారం నాడు అమ్మమ్మ పంచాంగం తీసింది. కళ్ళజోడు సవరించుకుని చూసి, చూసి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"శనివారం తొమ్మిదింటి నుంచి రాహుకాలమే" అంది.

నాన్న పేపరు పక్కన పెట్టాడు. "అత్తయ్యగారూ, అది ఇండియా లెక్కండీ. ఇక్కడ సూర్యుడే వేరే టైముకి వస్తాడు."

"సూర్యుడు ఎప్పుడొచ్చినా శనివారం శనివారమే కదండీ" అంది అమ్మమ్మ. అల్లుడితో ఆవిడ ఎప్పుడూ తలుపు పక్కకి జరిగి, సగం గోడకి చెప్పినట్టు మాట్లాడేది.

"ఎనిమిదీ నలభైకే బయల్దేరతాం. రాహుకాలం రాకముందే గడప దాటేస్తాం. చాలదా?"

"గడప దాటితే చాలదు. పిల్ల కాలు బంతికి తగిలేది తొమ్మిదికి కదా."

నాన్న నవ్వాపుకుంటూ పేపరు మళ్ళీ అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఇంత దాకా వచ్చి రాహువు కూడా అడ్డం తిరిగాడే అని రాత్రి దాకా అదే దిగులు.

పొద్దున లేచేసరికి అమ్మమ్మ దారి కనిపెట్టేసింది. మా తెనాలి వైపు దీన్ని ప్రస్థానం పెట్టడం అనేవారు. ప్రయాణం రోజున మంచి గడియ లేకపోతే, ముందుగానే మంచి గడియ చూసి సామానొకటి గడప దాటించి వేరొకరి ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. మర్నాడు మనిషి ఏ వేళకి బయల్దేరినా దోషం లేదు. షరతొక్కటే, ఆ సామాను మళ్ళీ ఇంట్లోకి రాకూడదు.

శుక్రవారం నాలుగున్నరకి యమగండం దాటిపోయింది. అయిదింటికి నాకు బూట్లు, షిన్ ప్యాడ్లు తొడిగి, పెరట్లో తూర్పు ముఖంగా నిలబెట్టింది. "తన్నవే" అంది. తన్నాను. నిమ్మకాయ వెళ్ళి చెత్తడబ్బాకి తగిలింది. "అయిపోయింది, నీ ఆట మొదలైపోయింది" అని బూట్లు విప్పించి, ప్యాడ్లతో సహా గుడ్డసంచిలో వేసి, కంచె మీదుగా వదినగారికి అందించింది. రెండు చేతులూ చెంప కింద పెట్టి నిద్ర, తెల్లవారడం, తిరిగి ఇవ్వడం, అన్నీ సైగలతో చెప్పింది. ఆవిడ అన్నిటికీ తల ఊపి, సంచి గుండెకి హత్తుకుని లోపలికి వెళ్ళింది.

శనివారం పొద్దున అమ్మ చీకటితోనే డ్యూటీకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ నాకు తలకి నూనె పెట్టి, రెండు జడలు బిగించి అల్లి, మడిచి రిబ్బన్లు కట్టింది. వేడన్నంలో పెరుగు కలిపి, నంజుకోవడానికి బెల్లం ముక్క పెట్టింది. తర్వాత కూచోబెట్టి కుడి అరికాలికి కాటుకతో ఇంత చుక్క పెట్టింది.

"బుగ్గన పెట్టాలి కదా అమ్మమ్మా?"

"ఆడేది బుగ్గతోనా? దిష్టి తగిలేది కాలికే."

ఎనిమిదిన్నరకి మేజోళ్ళ కాళ్ళతో వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను. ఎవరూ తియ్యలేదు. అమ్మమ్మ వచ్చి కొట్టింది. "వదినగారూ" అని వెనక్కి వెళ్ళి పిలిచింది. నాన్న కారు హారను కొట్టాడు. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. రాత్రి కూతురొచ్చి ఆవిణ్ణి తమ ఇంటికి తీసుకెళ్ళిందని ఎదురింటాయన చెత్తడబ్బా లాక్కుంటూ వచ్చి చెప్పాడు. మధ్యాహ్నానికి గానీ రాదట.

కంచె మీంచి చూస్తే వెనక వరండాలో, వాషింగ్ మెషీన్ మీద, మా గుడ్డసంచి స్పష్టంగా కనపడుతోంది. చుట్టూ అద్దం పలకల కిటికీలు, తలుపుకి తాళం.

"పోన్లే, వచ్చేవారం చూద్దాం" అన్నాడు నాన్న. ఆయన గొంతులో బాధేమీ లేదు.

"వచ్చేవారానికి నా చోటుండదు" అన్నాను. ఏడిస్తే షరతు గుర్తొస్తుంది, దాంతో ఇంకా ఏడుపొస్తుంది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. నాన్న చేతి గడియారంలో తొమ్మిది దాటింది.

అమ్మమ్మ నా ముఖం చూసింది. సంచి వైపు చూసింది. చెంగు బొడ్లో దోపి, కుచ్చెళ్ళు ఎత్తి కట్టి, కంచె మీద కాలేసింది.

"అత్తయ్యగారూ, వద్దండీ" అన్నాడు నాన్న కంగారుగా. "ఎవరైనా చూస్తే పోలీసుల్ని పిలుస్తారు. మన పర్మనెంట్ వీసా కాగితాలింకా ఆఫీసులోనే ఉన్నాయి."

"మీరు అటు తిరిగి నిలబడండి అల్లుడుగారూ, మీరేం చూడలేదు" అంది అమ్మమ్మ, అవతలి పక్క టమాటా పాదులో దిగుతూ.

ఆ కాలపు కిటికీల అద్దాలు పలకలు పలకలుగా ఉండేవి. రెండు పక్కలా రేకు ఒత్తితే ఒక్కొక్క పలకా బయటికి జారి వచ్చేది. మా ఇంట్లో తుడవడానికి అమ్మమ్మ రోజూ తీసేదే కాబట్టి చెయ్యి తిరిగిపోయింది. ఆరు పలకలు తీసి, గడ్డిలో వరసగా, అప్పడాలు ఎండబెట్టినంత జాగ్రత్తగా పరిచింది. నన్ను కంచె మీంచి ఎత్తి ఇచ్చింది ఎవరనుకున్నారు? నాన్నే. ఇటే తిరిగి, రెండు వైపులా వీధి చూసుకుంటూ. నేను ఆ సందులోంచి లోపలికి దూరి, సంచి తీసుకుని, మళ్ళీ అలాగే బయటికొచ్చాను. అమ్మమ్మ ఆరు పలకలూ తిరిగి బిగించింది.

ఆ మధ్యాహ్నం వదినగారు రాగానే జరిగిందంతా అమ్మమ్మ కంచె దగ్గర అభినయించి చూపించింది. ఆవిడ నవ్వి నవ్వి కంచె పట్టుకుని కూలబడింది. విరిగిన టమాటా కొమ్మల కాయలన్నీ కోసి మాకే ఇచ్చింది.

ఆ పొద్దున మా కారు కదిలేసరికి తొమ్మిదీ పాతిక. నట్టనడి రాహుకాలం. వెనక సీట్లో అమ్మమ్మ నాకు బూట్ల తాళ్ళు కడుతోంది. నాన్న అద్దంలోంచి చూసి, "ఎందుకండీ అత్తయ్యగారూ, ఈ పట్టింపులన్నీ" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా.

ఆవిడ నాతో అంది. "నీకంటే రెండేళ్ళు పెద్దగా ఉన్నప్పుడు మా అన్నయ్య సైకిలు ఎక్కానే నేను. అడ్డతొక్కుడు. మా వీధి చివరి దాకా పడకుండా వెళ్ళాను. తిరిగొస్తుంటే గేదె అడ్డం వచ్చి పడ్డాను. ఇదిగో, ఇక్కడ చీరుకుపోయింది" అని గడ్డం పైకెత్తి చూపించింది. గడ్డం కింద తెల్లటి గీత. నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"తర్వాత?"

"తర్వాతేముంది. అమావాస్య పూట మొదలుపెట్టింది, అందుకే రక్తం చూసింది, ఇంక దీనికి సైకిలు అచ్చిరాదు అన్నారు మా నాన్న. అన్నయ్య వారానికి మూడుసార్లు పడేవాడు. వాడికి అమావాస్య అడ్డం రాలేదు." తాడు ముడి గట్టిగా బిగించింది. "అందుకే మంచి గడియ చూసి మొదలుపెట్టాలన్నాను. మొదలు బాగుంటే తర్వాత వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకదు. అంత జాగ్రత్తగా చేసి, నేనే పాడు చేశాను."

నాన్న గేరు మార్చి కొంచెం వేగం పెంచాడు.

గ్రౌండు చేరేసరికి పావుగంట మిగిలింది. అప్పుడే కోసిన గడ్డి వాసన, తడి మట్టి, యూకలిప్టస్ చెట్ల కింద తల్లిదండ్రుల కాఫీ వాసన. కోచ్ ఎర్రగా కాలిన మెడ ఉన్న పెద్దమనిషి, లిస్టు చేతిలో ఉంది. నాన్న ఇంగ్లీషులో ఏదో పెద్ద సంజాయిషీ మొదలుపెడితే మధ్యలోనే, "నో వర్రీస్, మేట్" అని నా భుజం తట్టి లోపలికి తోశాడు. గోధుమరంగు చుక్కల పిల్ల దూరం నుంచి చెయ్యి ఊపింది.

మొదటి బంతి నా కడుపులో తగిలింది. రెండోది తన్నబోయి బురదలో వెల్లకిలా పడ్డాను. లేచాను. మూడోది కాలికి దొరికింది. దూది కుక్కిన బూటులో నా వేళ్ళకి బంతి తగిలిందో లేదో కూడా తెలియలేదు గానీ, అది ముందుకి వెళ్ళింది, దాని వెనక నేను వెళ్ళాను. జడలు ఊడిపోయి రిబ్బన్లు రెండూ వేలాడుతున్నాయి. గీత అవతల అమ్మమ్మ చెంగు ఇంకా బొడ్లోనే ఉంచుకుని నాతో సమంగా పరిగెత్తుతూ, "అటు కాదే, ఇటు, ఇటు తన్ను" అని తెనాలి దాకా వినపడేలా అరుస్తోంది. నేను "హియర్, పాస్ హియర్" అని అరిచాను. నా నోట్లోంచి ఇంగ్లీషు అంత గట్టిగా బయటికి రావడం అదే మొదలు. అరిచాక గానీ నాకే తెలియలేదు.

అంతలో ఈల వేశారు. అయిపోయింది. నారింజపళ్ళు నాలుగు ముక్కలుగా కోసి పెద్ద డబ్బాలో పెట్టి పంచుతున్నారు. నాకు నారింజ అక్కర్లేదు. నాకు ఇంకా ఆట కావాలి. అప్పుడే అయిపోవడమేమిటని గ్రౌండు మధ్యలో నిలబడి, ఉగ్గబట్టుకున్నదంతా తెగి, భోరున ఏడ్చేశాను.

ఏడుస్తూనే నాన్న దగ్గరికి నడిచొచ్చాను. ఆయన నన్ను చూశాడు. పొద్దున్నించీ నేను భయపడిందే జరిగింది.

ఆయన నోరు తెరిచే లోపల అమ్మమ్మ మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. పక్కకి జరగలేదు, గోడకి చెప్పలేదు. తిన్నగా ఆయన ముఖంలోకి చూసింది.

"అల్లుడుగారూ, అది ఏడుస్తోంది ఆట అయిపోయినందుకు. ఆలస్యమైంది నా వల్ల. రాహుకాలంలో మొదలైంది నా వల్ల. ఏ వంక పెట్టాలన్నా నాకు పెట్టండి. దాని ఆట మాత్రం ఆపకండి."

నాన్న జేబురుమాలు తీసి నా ముక్కు తుడిచి, ఆ పైన నా మోకాలి మీది బురద కూడా దాంతోనే తుడిచాడు.

"ఆపుతానని ఎవరన్నారండీ" అన్నాడు నేల చూస్తూ. "వచ్చేవారం ఎనిమిదిన్నరకల్లా ఇక్కడుందాం. ఎక్కాలు సాయంత్రం చూసుకుందాం."

అందరూ వెళ్ళిపోతున్నారు. కోచ్ బంతులన్నీ వలసంచిలో వేస్తున్నాడు. ఒకటి దొర్లుకుంటూ వచ్చి అమ్మమ్మ ముందు ఆగింది. ఆవిడ దాన్ని చూసింది, నాన్నని చూసింది.

"టైమెంతయింది?" అని అడిగింది.

"పదీ పది" అన్నాడు నాన్న. ఆగి, తనే చెప్పాడు. "రాహుకాలం ఇంకా ఇరవై నిమిషాలుందండీ."

"ఉండనీండి" అంది అమ్మమ్మ. కుచ్చెళ్ళు రెండు చేతులా పైకి పట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి బంతిని ఒక్క తన్ను తన్నింది. బంతి కంటే ఆవిడ హవాయి చెప్పు దూరం పోయింది. కోచ్ పెద్దగా చప్పట్లు కొట్టాడు. ఆవిడ ఒంటి చెప్పుతో నిలబడి నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

తర్వాత నేను పదకొండేళ్ళు ఆడాను. గెలిచిన ఆటలున్నాయి, ఎక్కువ ఓడినవే. వాటిలో చాలా వరకు మర్చిపోయాను. ఆ తన్ను మాత్రం మర్చిపోలేదు. చెప్పు తేవడానికి గ్రౌండు అవతలికి పరిగెత్తింది నేను కాదు, మా నాన్న.